ముల్లు కదలకపోయినా...

సంక్రాంతి నెలలో మా కోటలో తెల్లవారుజామున కాస్త మంచు పడితే చాలు, మఫ్లర్లూ మంకీ క్యాపులూ బయటికొచ్చేస్తాయి. ఇరవై డిగ్రీలకే వణికిపోయే మనుషులం. అలాంటి నేను రాత్రి భోజనం చేసి, ఫ్యాను కింద కూర్చుని, మైనస్ 22 డిగ్రీల చలిలో విమానం నడుపుతానంటే మా ఆవిడ నవ్వకుండా ఎలా ఉంటుంది?

నిజం విమానం కాదు లెండి. కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన నాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం మా అమ్మాయి. పైలట్ అవుతానని అమెరికాలోని ఉత్తర డకోటాకు వెళ్లింది. రెండెకరాలు అమ్మి పంపాను. నెలలు గడిచేకొద్దీ మా ఫోన్ మాటలు పొడిపొడిగా అయిపోయాయి. ‘‘ఎన్ని గంటలు ఎగిరావు? లైసెన్సు ఎప్పుడొస్తుంది?’’ అని నేను. ‘‘వస్తాదిలే నాయనా’’ అని తను. అంతే.

అసలు అక్కడేం చేస్తోందో చూద్దామని మేనల్లుడి చేత సిమ్యులేటర్ పెట్టించుకున్నాను. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో, ఏ ఊళ్లో ఆ పూట ఎలాంటి వాతావరణం ఉంటే తెరమీద అదే కనబడేలా పెట్టుకోవచ్చు. మాకు రాత్రి ఎనిమిదిన్నరైతే అక్కడ ఉదయం తొమ్మిది. ఫార్గో విమానాశ్రయం ఎంచుకుంటే చుట్టూ తెల్లటి మంచు! మామూలుగా ఆటలోని విమానాలు చలిని పెద్దగా పట్టించుకోవు. మా వాడు మాత్రం ఇంజన్ అరుగుదలను కూడా లెక్కగట్టే విమానాన్ని విడిగా కొని ఎక్కించాడు.

మొదటిరోజు స్టార్ట్ చేయగానే పూర్తి వేగం ఇచ్చి లేచిపోయాను. పది నిమిషాలు కాలేదు, ఇంజన్ గడగడలాడి ఆగిపోయింది. మర్నాడూ అంతే. మూడోనాడు సిగ్గు విడిచి అమ్మాయికే ఫోన్ చేశాను.

అది పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ‘‘ఏంది నాయనా, నిద్రలేపంగానే నిన్ను పరిగెత్తమంటే పరిగెత్తతావా? ముందర ఇంజన్ని వేడి చెయ్యాల’’ అంది.

ఆ తర్వాత గంటసేపు అది టీచరు, నేను స్టూడెంటు. ఆ చలికి ఇంజన్లోని ఆయిలు చిక్కబడిపోయి, వెళ్లాల్సిన చోటికి వెంటనే వెళ్లదట. పైగా ఇంజన్ పైగుల్ల అల్యూమినియం, లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు ఉక్కు. చలికి ఉక్కు కన్నా అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది. దాంతో బేరింగుల్లో ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. అప్పుడు బలవంతంగా తిప్పితే లోహం లోహాన్ని కొరుకుతుంది. అందుకే ముందు గొట్టంతో వేడిగాలి పట్టిస్తారు. లేదా రాత్రంతా కరెంటు హీటరు పెట్టి, ఇంజన్ మీద రగ్గు కప్పి ఉంచుతారు. తను నేర్చుకునే సెస్నా 172ఎస్ పుస్తకంలో, చలి మైనస్ 6 డిగ్రీల కన్నా దిగితే వీలైనంతవరకు ఇలా వేడి చేయమనే ఉందట.

‘‘స్టార్ట్ అయినాక రెండు నించి ఐదు నిమిషాలు వెయ్యి ఆర్‌పీఎం దగ్గరే తిరగనీ నాయనా. మరీ చలైతే ఆయిలు వేడి చూపించే ముల్లు అప్పటికీ కదలదు. కంగారు పడబాక. రెండు మూడుసార్లు వేగం పెంచి చూడు. సాఫీగా అందుకుని, ఆయిలు ప్రెషరు నిలకడగా ఉంటే బయల్దేరొచ్చు.’’

మా నాయన గుర్తొచ్చాడు. పొలంలో ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేశాక వెంటనే బరువు మోపనిచ్చేవాడు కాదు. పక్కన బీడీ కాల్చుకుంటూ దాని చప్పుడు వినేవాడు. ‘‘దాని గొంతు సర్దుకోనీరా అబ్బయ్యా’’ అనేవాడు. అమ్మాయికి చెబితే, ‘‘జేజికి విమానం ఇచ్చుంటే నడిపేసేవాడు’’ అంది.

మాటల్లో మన శ్రీహరికోట వచ్చింది. కోటకు దక్షిణాన రాకెట్ లేస్తే మేం మిద్దెక్కి చూస్తాం. అక్కడి క్రయోజెనిక్ ఇంజన్ది తిరగేసిన వ్యవహారం. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ వాడతారు కాబట్టి, వెలిగించే ముందు పైపుల్నీ పంపుల్నీ చల్లబరచాలి. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో వెళ్లిన జీఎస్‌ఎల్‌వీ 2010 ఏప్రిల్ 15న విఫలమైంది. 2014 జనవరి 5న గెలిచింది.

‘‘మధ్యలో దాదాపు నాలుగేళ్లు నాయనా’’ అంది అమ్మాయి. కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నెలన్నర కిందట లైసెన్సు పరీక్షలో తప్పిందట. దిగేటప్పుడు గాలికి విమానం పక్కకు పోతుంటే సరిదిద్దలేకపోయిందట. ‘‘నువ్వు ఫోనెత్తగానే గంటలు, లైసెన్సు అంటావు. ఎట్ట చెప్పేది?’’

ముప్పై ఏళ్లు బళ్లో మార్కుల గురించే అడిగిన నోరు నాది. ఇంట్లోనూ అదే అలవాటు. పిల్ల అక్కడ గడ్డకట్టే చలిలో ఒంటరిగా ఉంటే, ఇక్కడినుంచి నేను పూర్తి వేగం ఇస్తూ కూర్చున్నాను. ‘‘పోతే పోయిందిలేమ్మా, మళ్లీ రాద్దువు’’ అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మార్చిలో మళ్లీ పరీక్షకు వెళ్లింది. ప్యాసయింది. ఆ కబురు ముందు వాళ్లమ్మకు కాదు, నాకే చెప్పింది!

ఇప్పుడు ఫోన్ రాగానే ‘‘ఏం తిన్నావమ్మా?’’ అంటాను. చలెంతుందని అడుగుతాను. రూమ్మేట్ సంగతులు వింటాను. ఐదు నిమిషాలు గడిచాక విమానం మాట తనే తెస్తుంది. ఒక్కోరోజు తేదు. ఆ రోజు నేనూ అడగను.