పల్నాటి ఎండలో వెనుక సీటు

పల్నాటిని చూడాలంటే మాఘమాసంలో చూడాలి. కాని కాలేజీలకు సెలవులిచ్చేది వేసవిలో. అందుచేత మావంటి ఉపాధ్యాయులు ఏ వూరు చూసినా ఎండలోనే చూస్తారు. పల్నాటి జొన్నకూడునూ, రాళ్ళనూ, నీటి ఎద్దడినీ శ్రీనాథుడు ఎంతగా ఆడిపోసుకొన్నాడో, ఆయన పేర చెప్పుకొనే చాటువులు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆయన వచ్చింది కూడా వేసవి సెలవుల్లోనే అయివుంటుందని నా అనుమానం!

2024 మే మొదటి వారంలో మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనానికీ, అటునుంచి నాగార్జునసాగరానికీ గుంటూరులో బయలుదేరాము. తొమ్మిదిమంది పట్టే అద్దె వ్యాను. ముందూ వెనుకా కూడా ఎ.సి. వున్నదని యజమాని మరీమరీ చెప్పాడు. డ్రైవరు పక్కన మా బావమరిది కూర్చున్నాడు. నడిమి వరుసలో నేనూ పిల్లలూ. చివరి వరుసలో మా ఆవిడా, డెబ్బై నాలుగేళ్ళ మా మేనత్తా.

సత్తెనపల్లి దాటేసరికి వెనుకనుంచి మా అత్తయ్య, "ఒరే నాయనా, గాలి వస్తోంది గాని చలవ రావడంలేదురా" అన్నది.

"అదేమిటి పిన్నిగారూ! ఇక్కడ నాకు వణుకు పుడుతుంటే!" అన్నాడు బావమరిది, కండువా మెడకు చుట్టుకొంటూ.

డ్రైవరు కూడా అతనికే వంత పాడాడు. "మూడు వారాల కిందటే గ్యాసు కొట్టించామండీ. పెద్దవాళ్ళు గదా, అలాగే అనిపిస్తుంది."

పది మైళ్ళు గడిచాయి. మా అత్తయ్య దారి పొడుగునా ప్రతి వూరికీ ఒక బంధువును గుర్తు చేసుకొని కథ చెప్పే మనిషి. ఆవిడ గొంతు వినిపించడం మానేసింది. వెనుదిరిగి చూస్తే ముఖం కందగడ్డలా వుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. వేడిమిలో వృద్ధులకు దాహం తెలియదు, చెమట సరిగా పట్టదు. మాట తగ్గిందంటే ఇక ఆలస్యం పనికిరాదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు కనిపించగానే బండి ఆపించాను. వేపచెట్టు నీడలో ఆవిడను కూర్చోబెట్టి, తడి తువ్వాలు మెడకు చుట్టి, ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాము. అరగంటకు, "ఈ వూళ్ళోనే మా తోడికోడలి చెల్లెల్ని ఇచ్చారు" అన్నది. మాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ పక్కనే ఒక ఎ.సి. మెకానిక్కు కొట్టు వున్నది. ముప్పై ఏళ్ళ కుర్రవాడు. మా బావమరిది చెప్పేది మర్యాదగా విని, తిన్నగా వెళ్ళి చివరి సీటులో కూర్చున్నాడు. ఆ పని అంతవరకు మాలో ఏ మగవాడూ చేయలేదు.

"గాలి జోరుగానే వుంది మేష్టారూ. అంటే వెనుక బ్లోయరూ, ఫ్యూజూ బాగానే వున్నాయి. గాలే రాకపోతే ముందు వాటిని చూసేవాణ్ణి. లేదా కూలింగ్ కాయిలుకు దుమ్ము పట్టిందేమో చూసేవాణ్ణి" అన్నాడు. తరవాత పుల్లలాంటి థర్మామీటరు తీసి ముందు గాలికంతలో పెట్టాడు: 9 డిగ్రీలు. వెనుక కంతలో పెట్టాడు: 26. మా అత్తయ్య సత్తెనపల్లిలో చెప్పిన మాటకు పిడుగురాళ్ళలో సాక్ష్యం దొరికింది.

ఇటువంటి బండ్లలో కంప్రెసరు ఒకటే, వేడిని బయటికి వదిలే కండెన్సరూ ఒకటే. చల్లబరిచే కాయిళ్ళు మాత్రం రెండు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎక్స్‌పాన్షన్ వాల్వు. రెండుచోట్లా చలవ తగ్గితే కంప్రెసరునో, కండెన్సరు ఫ్యానునో అనుమానించాలి. వెనుక ఒక్కచోటే తగ్గితే ఆ వాల్వు మూసుకుపోయి అయినా వుండాలి, గ్యాసు తక్కువై అయినా వుండాలి.

"గ్యాసు తక్కువైతే రెండుచోట్లా తగ్గాలి గదా?" అని అడిగాను.

"చివరికి అంతేనండీ. కాని ముందు కాయిలు దగ్గర, వెనుకది దూరం. వాహనం అడుగునుంచి పొడుగాటి గొట్టాల్లో పోవాలి. ద్రవం చాలకపోతే ఈ బండిలాంటివాటిలో దగ్గరది తన వంతు తాగేస్తుంది. దూరంగా వున్నదానికి బుడగలు మిగులుతాయి."

గేజీలు తగిలించి చూస్తే ఒత్తిడి రెండు వైపులా తక్కువగానే వున్నది. అయితే మూడు వారాల కిందట ఎక్కించిన గ్యాసు ఏమయింది? బండి కింద దూరి, వెనుకకు పోయే గొట్టం అతుకు దగ్గర నూనె జిడ్డుతో ముద్దకట్టిన దుమ్ము చూపించాడు. సబ్బునీళ్ళు పూస్తే బుడగలు లేచాయి. వెనుకటి మెకానిక్కు కారేచోటు వెతకకుండా గ్యాసు నింపి పంపాడన్నమాట! కారిపోయేది డబ్బే కాదు. ఆర్-134ఎ అనే ఈ వాయువు, తూకానికి తూకం చూస్తే, బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

మిగిలిన గ్యాసును యంత్రంలోకి లాగి, అరిగిన రబ్బరు రింగు మార్చి, ముప్పావుగంట వాక్యూమ్ పెట్టాడు. సూది కదలలేదు. అప్పుడు బానెట్టు కింద చీటీమీద వున్న గ్రాముల లెక్క ప్రకారం తూచి గ్యాసు ఎక్కించాడు. వెనుక కంతలో 11 డిగ్రీలు వచ్చాయి.

1939లో అమెరికాలో పాకార్డు కంపెనీ మొట్టమొదట ఎ.సి. కారు అమ్మకానికి పెట్టినప్పుడు ఆ చల్లబరిచే కాయిలు వెనుక సామాను పెట్టెలోనే వుండేదట. చలవ వెనుక సీటువారి తలలమీదుగా ముందుకు వచ్చేది. తరవాత అది ముందుకు చేరింది. ఇప్పుడు వెనుకవాళ్ళు పొడుగు గొట్టంమీద ఆధారపడుతున్నారు.

అన్నదమ్ములు చెరొక రాజధానిగా పంచుకొన్న గురజాల, మాచర్ల రెండూ చూశాము. నడుమ ఎండకు పేరుమోసిన రెంటచింతల తగిలింది. అక్కడ మా అత్తయ్య హాయిగా నిద్రపోయింది. చెన్నకేశవుని దర్శనం చేసుకొని సాయంత్రానికి సాగరం చేరాము. 1955లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ ఒడ్డున నిలబడి మా అత్తయ్య, "చివరి భూముల రైతులు నీళ్ళు రాలేదని మొత్తుకొంటే, తూము దగ్గరవాళ్ళు మాకు నిండుగా వున్నాయనేవారు" అన్నది. బావమరిది మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో చివరి సీటులో తానే కూర్చున్నాడు.

వేసవిలో బండి మాట్లాడుకొనేవారు బయానా ఇచ్చేముందు ఎ.సి. వేయించి, చివరి వరుసలో పది నిమిషాలు కూర్చొని చూడండి. ఆ సీటు ఇంట్లో ఎవరికి ఇవ్వబోతున్నారో వారిని కూడా వెంట తీసుకువెళితే మరీ మంచిది.