చిన్న చేయి, తొలి మాండలిన్

మనుష్యుని శక్తిని గూర్చి తీర్పు చెప్పుట సులభము. అతని చేతికిచ్చిన సాధనమును బరీక్షించుట కష్టము. లోకము సులభమైన దానినే చేయును గనుక, పనిముట్టు చెడ్డదైనప్పుడు పనివానినే నిందించుచుండును. ఈ దోషము మా యింటిలోనే యెట్లు జరిగెనో, దానివలన నలువదియైదేండ్లు మేము సంగీతమున కెట్లు దూరమైతిమో, తుదకొక మాండలిన్ మాకెట్లు కనువిప్పు కలిగించెనో చదువరులకు విన్నవింప దలచితిమి. ఇంటింటను చిన్న చేతులు గల పిల్లలున్నారు. పిల్లలే కాక మావంటి పెద్దలును ఉన్నారు. వారిలో నొక్కరికైనను ఇది పనికివచ్చునని మా యాశ.

1978వ సంవత్సరమున మాకు పదియేండ్లు. మా మేనత్తగారి వీణ యొకటి మా యింటికి వచ్చియుండెను. దానిని ముట్టవలెనని మేము పడు తహతహ జూచి మా తల్లిగారు సంగీతపు పంతులుగారిని బిలిపించిరి. ఆయన మా యెడమచేతిని దండిపై నుంచి, వ్రేళ్లు చాపించి చూచి, "ఈ పిల్ల చేయి మఱీ చిన్నది; వీణకు చాలదు" అని చెప్పి, కాఫీ త్రాగి వెళ్లిపోయిరి. మఱునాడే వీణ మేనత్తగారింటికి మరలిపోయెను. రెండేండ్ల పిమ్మట మా తమ్మునికి వయొలిను నేర్పింప సంకల్పించిరి. వాని చేయియు చిన్నదే. పెద్ద వయొలిను వానికి అందలేదు. కాని వాని చేయి చాలదని యెవ్వరును అనలేదు. "వాద్యము పెద్దదైనది, సగము కొలతది తెప్పింతము" అనిరి, తెప్పించిరి కూడ. ఒకే యింటిలో రెండు చిన్న చేతులకు రెండు తీర్పులు! ఒక చేతికొఱకు వాద్యమును వెదకిరి; రెండవ చేతికొఱకు సాకును వెదకిరి. మా తండ్రిగారు కఠినులు కారు. మాకు చదువు చెప్పించినవారే. అయినను ఆడపిల్ల విషయమున మొదట వినబడిన "కాదు" అను మాటయే కడపటి మాట యగుట యప్పటి యలవాటు. ఆ యలవాటు ఇప్పటికిని బూర్తిగా పోలేదు.

చిత్రమేమనగా, ఆ 1978వ సంవత్సరముననే గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములందు తొమ్మిదేండ్ల బాలుడొకడు మాండలిన్‌పై కచేరి చేసెను. అతడు పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణగారు వాయించుట చూచి ఆఱవయేటనే ఆ వాద్యమును చేతబట్టినవాడు. అతనికి శాస్త్రీయ సంగీతము నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడుచుండగా బాలుడు విని, తన వ్రేళ్ళతో ఆ స్వరములను వెదకికొనెడివాడు. నాలుగు జంట తీగలకు మారుగా ఐదు ఒంటి తీగలు గల విద్యుత్ మాండలిన్‌ను వాడి, ఈ పాశ్చాత్య వాద్యమునకు కర్ణాటక సంగీత వేదికపై స్థిరమైన స్థానమును సంపాదించెను. 2014లో ఆయన కాలధర్మము నొందినప్పుడు పత్రికలలో ఆ బాల్యకాలపు చిత్రములను జూచి మేమొక్కటే ప్రశ్న వేసికొంటిమి: ఆ చేయి మా పదియేండ్ల చేతికంటె పెద్దదై యుండునా?

2023లో మా కోడలు ఒకనాడు, "అత్తయ్యగారూ, ఇంత యిష్టముండగా మీరేదైన వాద్యము నేర్చుకొనరేమి?" అని యడిగెను. "చేతులు చిన్నవమ్మా" అంటిమి. ఆ మాట మా నోట ఎంత సులువుగా వచ్చెనో చూచి మాకే సిగ్గు కలిగినది. ఆమె లెక్కలు తెలిసిన పిల్ల. కాగితము తీసికొని మాకు లెక్క చూపెను. గిటారులో మ్రోగు తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. మాండలిన్‌లో సుమారు 35. అందుచేత గిటారున మొదటి మెట్టు తీగ మొదలునుండి మూడున్నర సెంటీమీటర్లకు పైగా దూరమున నుండగా, మాండలిన్‌న రెండు సెంటీమీటర్లలోపుననే యుండును. చూపుడువ్రేలిని రెండవ మెట్టువద్దను చిటికెనవ్రేలిని ఏడవ మెట్టువద్దను ఉంచవలెనన్నను నడుమ దూరము ఎనిమిది సెంటీమీటర్లకు మించదు. బల్లపై చేయి చాపి కొలిచితిమి, అందినది. నలువదియైదేండ్ల తీర్పు ఒక కొలబద్దతో కొట్టివేయబడినది.

కాని తీర్పులు అంత సులభముగా చావవు. ఒక పట్టణమున ఒక దుకాణమునకు వెళ్లితిమి. అంగడివాడు నక్కీలు చెక్కిన, మెఱుగుపెట్టిన, భుజమున శంఖమువలె చుట్టుకొన్న మాండలిన్ నొకదానిని చూపెను. దాని యందము చూచి మోసపోయితిమి. దానిని వాయించి చూపుమని యడుగనైనను లేదు. ఇంటికి తెచ్చి మూడు వారములు సాధన చేసితిమి. తీగలు కత్తులవలె వ్రేళ్లను కోసెను. నొక్కినచోట స్వరము కీచుమనెను. తిరిగి వెళ్లి యడుగగా అతడు నవ్వి, "మీ చేతులు చిన్నవండీ, ఇది మీవల్ల కాదు" అనెను. మరల అదే మాట! మేము ఆ వాద్యమును పాత చీరలో చుట్టి అలమారపై నుంచితిమి. తప్పు మాదేయని మరల నమ్మితిమి. ఇదియే మిక్కిలి విచారింపదగిన విషయము: ఇతరులు వేసిన ముద్రను తుదకు మన చేతితోనే మనము గట్టిగా నొక్కికొందుము.

మా కోడలు ఊరుకొనలేదు. మా పేటలో హార్మోనియములు, వయొలినులు బాగుచేయు ముదుసలి యొకడు కలడు. అతనియొద్దకు దానిని గొనిపోయెను. మేమును వెంట వెళ్లితిమి. అతడు తీగను మూడవ మెట్టువద్ద నొక్కి, మొదటి మెట్టుమీద దానికి గల సందును చూచెను. అచ్చట వెంట్రుక పట్టునంత సందుండవలెను. మా వాద్యమున తాళపుచెవి దూరుచుండెను! పండ్రెండవ మెట్టుమీద తీగ యెత్తు కొలిచెను. రెండు మిల్లీమీటర్లలోపు ఉండవలసినది నాలుగున్నది. "అమ్మా, మీ చేతికేమి లోపము? లోపమంతయు దీని మెడలో నున్నది" అనెను. దండి కొసనుండు గాట్ల పట్టీని సన్నని ఆకురాయితో లోతుచేసి, తీగలను మోయు గుఱ్ఱమును చక్రములు త్రిప్పి దింపి, సరియైన చోటికి జరిపి, లావు తీగలు తీసి పలుచని తీగలు వేసెను. గంటసేపు పట్టినది. వాద్యము మా చేతికిచ్చెను. మేము నొక్కితిమి, పలికినది. ఏబదియైదేండ్ల వయస్సున ఆ దుకాణపు బల్లమీద కూర్చుండి మేము కన్నీరు పెట్టుకొంటిమని చెప్పుటకు సిగ్గుపడుట లేదు.

అనుభవమువలన నేర్చినదానిని ఇట చెప్పెదము. చిన్న చేతులవారు మొదట కొనునప్పుడు అలంకారమునకు డబ్బు పెట్టరాదు. శంఖపు చుట్టు గల యాకారమునకును, నీటిబొట్టువంటి సాదా ఆకారమునకును దండి కొలతలో భేదముండదు. ఎక్కువ ధర చెక్కడపు పనికే. నేపుల్సు నగరపు పాత పద్ధతిలో వెనుక బుఱ్ఱవలె ఉబ్బిన మాండలిన్ చూడ ముచ్చటగా నుండును గాని ఒడిలో జాఱుచుండును. దానిని పట్టుకొనుటకే సగము బలము పోవును. సమతలమైన వీపు గలది మొదటివారికి మేలు. భుజమునకు పటకా తగిలించుకొన్నచో ఎడమచేయి బరువు మోయనక్కఱలేక స్వరములను మాత్రమే చూచుకొనును.

దండి వెడల్పు తీగల మొదట సాధారణముగా 27 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు ఉండును. చేయి చిన్నదైనచో సన్ననిది మంచిదని తోచును. కాని వ్రేళ్లు కుఱుచవై కొసలు లావైనచో సన్నని దండిపై ఒక వ్రేలు రెండు జంటలను తాకును. కావున వెడల్పుతోపాటు దండి వెనుక లావును, గుండ్రదనమును కూడ అఱచేతితో పట్టి చూడవలెను. పరుల మాటకంటె మన చేతి సాక్ష్యమే మేలు.

వ్రేళ్లు గిటారుపై వలె మెట్లకు సూటిగా నిలుపరాదు. వయొలినుపై వలె వాలుగా నుంచవలెను. అట్లుంచినచో చిన్న చిటికెనవ్రేలును ఏడవ మెట్టును అందుకొనును. కీర్తనలు నేర్వగోరువారు ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను చూడవచ్చును. జంట తీగలను నొక్కుటకంటె ఒంటి తీగను నొక్కుట తేలిక. కొనకముందు అంగడిలోనే పండ్రెండవ మెట్టు పరీక్ష చేయుడు. అచ్చట తీగను తేలికగా తాకి మీటినప్పుడు వచ్చు నాదమును, నొక్కి మీటినప్పుడు వచ్చు నాదమును ఒక్కటే కావలెను. కానిచో గుఱ్ఱమును సరిచేయుమని యడుగుడు. అడుగుటకు వెఱవకుడు, డబ్బిచ్చునది మీరు. వాద్యపు ధరతోపాటు దానిని సరిచేయించు కూలిని కూడ మొదటనే లెక్కలో వేసికొనుడు.

ఇప్పుడు మాకు మాయామాళవగౌళలో సరళీస్వరములు వచ్చును. రెండు గీతములు తడబడుచు వచ్చును. విద్వాంసులమగుదుమను భ్రమ మాకు లేదు. నలువదియైదేండ్లు మరల రావు.

మొన్న మా యెదురింటి పిల్ల, యెనిమిదేండ్లది, మా మాండలిన్ చేతబట్టి ఒక తీగ నొక్కజూచెను. పలుకలేదు. దాని నాయనమ్మగారు గుమ్మమున నిలిచి, "దాని చేయి చిన్నది కదమ్మా" అనిరి. మేము బదులు చెప్పక, మెట్టు నడుమ నొక్కుచున్న ఆ వ్రేలిని మెట్టు ప్రక్కకు కొంచెము జరిపి, మరల మీటుమంటిమి. ఈమాఱు పలికినది. పిల్ల నాయనమ్మ వైపు చూచినది. ఆమె వచ్చి ప్రక్కన కూర్చుండినది.