మోసినవాళ్ళు



మన పెద్దాయన భూస్థాపన జరిగిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో మిషను చరిత్ర పాఠంలో విన్న మరో భూస్థాపన పదే పదే గుర్తుకొచ్చింది. అది డేవిడ్ లివింగ్‌స్టన్‌ది.

ఆయన స్కాట్లాండు వైద్యుడు, మిషనరీ. ఆఫ్రికాలో ఎంతో దూరం నడిచి తిరిగాడు, రోగులను చూశాడు, బానిసల వ్యాపారం ఎంత ఘోరమో లోకానికి రాసి తెలిపాడు. 1873 మే నెలలో, ఇప్పటి జాంబియాలో చితంబో అనే నాయకుని ఊళ్ళో, గుడిసెలో మంచం పక్కన మోకాళ్ళ మీదే కన్నుమూశాడు. వెంట ఉన్న సూసీ, చూమా మొదలైనవారు ఆయన గుండెను అక్కడే చెట్టు కింద పాతిపెట్టారు. జేకబ్ వెయిన్‌రైట్ అనే యువకుడు ప్రార్థన చదివాడు. బానిసత్వం నుండి విడుదలై, మన దేశంలోనే నాసిక్ మిషను బడిలో చదువుకున్నవాడు అతను. దేహానికి ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గుడ్డలో చుట్టి, చెట్టు బెరడులో పెట్టి భుజాన ఎత్తుకున్నారు. శవమని తెలిస్తే ఊళ్ళవాళ్ళు దారి ఇవ్వరు, అందుకని సరుకు మూటలా కట్టారు. సుమారు 1,600 కిలోమీటర్లు నడిచి, 1874 ఫిబ్రవరిలో సముద్రతీరం చేరారు. యోసేపు ఎముకలు మోసినవాళ్ళకు ముందు మోషే ఉన్నాడు. వీళ్ళకు జీతమిచ్చే యజమాని కూడా లేడు.

ఏప్రిల్ 18న లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో గొప్ప గౌరవంతో సమాధి చేశారు. శవపేటిక వెంట నడిచిన పెద్దల్లో జేకబ్ ఒక్కడున్నాడు. సూసీ, చూమా లేరు. వాళ్ళను ఇంగ్లండుకు పిలిపించేసరికి అంతా అయిపోయింది.

మన పెద్దాయన కూడా తిరిగినవాడే. ఒడిశా తుఫానుకు వెళ్ళాడు, గుజరాత్ భూకంపానికి వెళ్ళాడు, సునామీ వచ్చినప్పుడు నాగపట్నంలో నెలల తరబడి ఉన్నాడు. అందుకే ఆ రోజు షామియానా నిండా పెద్దమనుషులు. దండలు, శాలువాలు, రెండు గంటల ప్రసంగాలు. మాట్లాడేవారి పట్టీ రాసింది మేమే.

ఆయన మంచాన పడ్డ రెండేళ్ళూ ఒళ్ళు తుడిచి, భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళిన పక్కింటి ఆటో తమ్ముడు ఆ పట్టీలో లేడు. అతను మన సంఘస్థుడు కాడు, మాకు తట్టనేలేదు. ఆ రెండు గంటలూ అతను షామియానా చివర మంచినీళ్ళు అందిస్తూ నిలబడ్డాడు. మేము కూడా అతని చేతి గ్లాసే తాగాం.

సోమవారం అతని ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాం. "నేనేం మాట్లాడతానయ్యగారూ" అన్నాడు. తరువాత మెల్లగా చెప్పాడు. చివరి వారమంతా పెద్దాయన రాత్రిళ్ళు లేచి, గుజరాత్‌లో శిథిలాల్లోంచి తీసిన ఒక పిల్లవాడి గురించే అడిగేవాడట: "వాడు బతికాడా?" అని. వేదికెక్కిన మాలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

"మరి నువ్వేమన్నావు తమ్ముడూ?" అని అడిగాం.

"బతికాడు తాతా, పడుకో అనేవాణ్ణి. నిజమో కాదో నాకేం తెలుసు."

జ్ఞాపకార్థ కూడిక గురువారం సాయంత్రం ఆరింటికి. ముందుగా అతనే మాట్లాడతాడు. ఆటో పని చూసుకుని వస్తానన్నాడు, కాస్త ఆలస్యమైనా అతని కోసం ఆగుదాం.