లెక్కకు రాని సంపాదన

గత సంవత్సరం అర్థశాస్త్రం చదివే ఒక విద్యార్థిని తన సెమినార్ పత్రాన్ని నా వద్దకు తెచ్చి, "సార్, భాష ఒక్కసారి దిద్దిపెట్టండి" అని కోరింది. విషయం ఘనా దేశపు ఆర్థిక గణాంకాలు. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి, పశ్చిమాఫ్రికా జాతీయాదాయంతో నాకేమి పని? సంధులూ విభక్తులూ సరిచూసి ఇచ్చేద్దామనుకున్నాను. రెండవ పుటలో ఒక వాక్యం దగ్గర నా ఎర్రకలం ఆగిపోయింది. 2010 నవంబరు 5వ తేదీన ఘనా గణాంక శాఖ తమ దేశపు స్థూల దేశీయోత్పత్తిని ఒక్కసారిగా 60 శాతానికి పైగా పెంచి ప్రకటించిందట! ఆరు ప్రక్కన సున్న పొరపాటున పడిందనుకొని కొట్టివేశాను. మర్నాడు ఆ అమ్మాయి వినయంగానే, కాని వెనక్కు తగ్గకుండా, "అది తప్పు కాదండి సార్" అన్నది.

తప్పు నాదే. ఆ తేదీన ఘనాలో కోకో పంట హఠాత్తుగా రెట్టింపు కాలేదు, కొత్తగా బంగారు గని బయటపడలేదు. మారింది లెక్క. దేశంలో జరిగే ప్రతి క్రయవిక్రయాన్నీ ఏటేటా ఎవరూ వ్రాసుకోలేరు. అందుచేత ఒక సంవత్సరాన్ని ఆధారంగా తీసుకొని, ఆ ఏడు ఏ రంగం ఎంత ఉన్నదో విపులంగా పరిశీలించి, తరువాతి సంవత్సరాల పెరుగుదలను ఆ చట్రంలోనే కట్టుకుంటూ పోతారు. ఘనాకు అంతవరకు ఆధార సంవత్సరం 1993. ఆనాడు సెల్‌ఫోను అతి కొద్దిమంది చేతిలోని వింత వస్తువు. ఆ తరువాత ఫోన్లు, బ్యాంకులు, చిల్లర వర్తకం ఎంత విస్తరించినా పాత చట్రంలో వాటికి తగినంత చోటు లేదు. 2006ను ఆధారంగా పెట్టుకొని చూడగానే సేవల రంగం సుమారు సగమై కూర్చున్నది. అంతకు ముందు వ్యవసాయమే పెద్ద రంగమని లెక్క. 2014లో నైజీరియా కూడా ఇదే పని చేసి, 89 శాతం పెరిగి, దక్షిణాఫ్రికాను దాటిపోయింది.

అక్కడితో పత్రం తిరిగి ఇచ్చివేయవచ్చు. కాని ఆ దేశం నన్ను వదలలేదు. దొరికినంత చదివాను. ఘనా రాజధాని అక్రాలో మకోలా అనే పెద్ద సంత ఉన్నది. అక్కడ వర్తకమంతా దాదాపు స్త్రీల చేతిలోనిదే. బట్టలు, టమాటాలు, ఎండుచేపలు, గిన్నెలు. ధరలు మండిపోతున్న 1979లో సరుకు దాచి ప్రజలను దోచుకుంటున్నారని నింద మోపి, ఆగస్టు నెలలో సైనిక పాలకులు ఒకటవ నంబరు మకోలా మార్కెట్టును కూల్చివేశారు. నింద వేయడానికి ఆ స్త్రీలు అందరికీ కనబడ్డారు. జాతీయాదాయపు పట్టికలో మాత్రం వారి సంపాదన సగమైనా కనబడిందో లేదో! ఆ దశాబ్దంలో ప్రభుత్వమిచ్చే ధర గిట్టక రైతులు కోకోను సరిహద్దు దాటించి ఐవరీకోస్టులోనూ టోగోలోనూ అమ్ముకునేవారు. ఆ గింజలు ఘనా నేల మీద పండినవే అయినా ఘనా లెక్కలోకి రాలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. అదే 2010లో నేను డిగ్రీలో చేరి ఉపకార వేతనానికి దరఖాస్తు నింపుతున్నాను. అబ్బాజాన్‌కు సైకిలు మరమ్మతుల దుకాణం. "తల్లి వృత్తి, ఆదాయం" అన్న గడి వచ్చింది. ప్రక్క గదిలో కుట్టు మిషను టకటకలాడుతున్నది. జాకెట్లు, చీరలకు ఫాల్సు, రంజాను నెలలో పిల్లల కుర్తాలు. నా పుస్తకాలు, మా చెల్లెలి ఫీజు ఆ మిషను మీదనే నడిచేవి. నేను "గృహిణి, ఆదాయం లేదు" అని వ్రాశాను. అమ్మీకి ఉర్దూ తప్ప చదువు రాదు. ఏమి వ్రాశావని అడిగింది. చదివి వినిపించాను. "కుఛ్ నై లిఖ్‌దియా క్యా?" అని నవ్వి, మళ్లీ మిషను మీద పాదం వేసింది. వేతనం వచ్చింది. ఎమ్మే దాకా నడిపించినది ఆ "లేదు" అన్న మాటే.

కనుక ఘనా లెక్కలను చూచి నవ్వే అర్హత నాకు లేదు. కొత్త లెక్కతో ఆ దేశం 2011లో ప్రపంచ బ్యాంకు జాబితాలో అల్పాదాయ శ్రేణి నుండి దిగువ మధ్యస్థాయికి ఎక్కింది. గౌరవమే. అయితే ఆ మెట్టు ఎక్కినవారికి తక్కువ వడ్డీకి దొరికే అప్పులు క్రమంగా తగ్గిపోతాయి. మార్కెట్టులో హెచ్చు వడ్డీకి తెచ్చుకోవాలి. పైగా ఉత్పత్తి పెద్దదిగా కనబడితే అదే అప్పు శాతంలో చిన్నదిగా కనబడి, ఇంకా తెచ్చుకోవచ్చుననిపిస్తుంది. 2022 డిసెంబరులో ద్రవ్యోల్బణం 54 శాతమై, విదేశీ రుణాలలో అధిక భాగానికి చెల్లింపులు నిలిపివేయవలసి వచ్చింది. దానికి కారణాలు అనేకం, ఒక్క లెక్కల సవరణ మీద నెట్టడం అన్యాయం. అయినా, "లేదు" అన్నంతకాలం సాయం, "ఉన్నది" అనగానే వడ్డీ అన్న ఈ ఏర్పాటు నాకు బాగా తెలిసినదే.

తెలుగు మాస్టారిని గనుక ఒక పదం సంగతి. ఘనా నాణెం పేరు సెడి. అకాన్ భాషలో గవ్వకు ఉన్న పేరు నుండి వచ్చింది. ఒకప్పుడు మాల్దీవుల గవ్వలు మన సముద్రం మీదుగా ఓడలెక్కి ఆ తీరానికి డబ్బుగా చేరేవి. మనమూ "చిల్లిగవ్వ లేదు" అంటాము. 2007లో వారు పది వేల పాత సెడిలను ఒక కొత్త సెడిగా మార్చి నాలుగు సున్నలు తీసివేశారు.

పత్రంలో నా ఎర్రగీత మీద "సరియే" అని వ్రాసి సంతకం చేసి ఇచ్చాను. రెండు నెలల తరువాత ఆ అమ్మాయే ఉపకార వేతనపు దరఖాస్తు తెచ్చింది. నేను ధ్రువీకరించవలసినది హాజరు మాత్రమే. కన్ను మాత్రం ఆ గడి మీదకే పోయింది. "తల్లి: గృహిణి. ఆదాయం: లేదు." వాళ్ల అమ్మగారు తెల్లవారకముందే లేచి, వీధి మొగలో ఇడ్లీలు అమ్ముతారని నాకు తెలుసు, ఎన్నోసార్లు అక్కడే తిన్నాను. అమ్మాయి నా ముఖం వైపు చూస్తున్నది. హాజరు శాతం వేసి సంతకం చేశాను.