ఒక్క ‘వేర్’కి ఎన్ని అర్థాలో!

పొద్దున లేచి మనం చీర కట్టుకుంటాం, జాకెట్టు తొడుక్కుంటాం, బొట్టు పెట్టుకుంటాం, గాజులు వేసుకుంటాం, పూలు ముడుచుకుంటాం. ఒక్కోదానికి ఒక్కో మాట. ఇంగ్లీషులో మాత్రం అన్నిటికీ ‘వేర్’ ఒక్కటే సరిపోతుంది. ఈ ఒక్క మాట కొరియా వాళ్ళని ఎంత తికమక పెడుతుందో తెలుసాండీ?

2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక మా అనంతపురం వైపు కొరియా కుటుంబాలు వచ్చాయి. మా పైవాటాలోనూ ఒక కొరియా అమ్మాయి కాపురం ఉంటోంది. నాది తెలుగు మీడియం ఇంటర్, ఆమెది పుస్తకాల్లో నేర్చుకున్న ఇంగ్లీషు. ఎలాగో నెట్టుకొస్తున్నాం.

ఒకనాడు వానలో బయల్దేరుతుంటే నా చేతికి గొడుగిచ్చి ‘వేర్ అంబ్రెల్లా’ అంది. మెట్ల మీది పిల్లలు పకపకా నవ్వేశారు. పాపం, ఆమె మొహం కందిపోయింది. వారం రోజులు తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోవడమే, నోరు విప్పలేదు. భర్త డ్యూటీకి వెళ్ళిపోయాక, పరాయి ఊళ్ళో ఆ నాలుగు మాటలూ కరువైతే ఆడపిల్లకి ఎలా పొద్దుపోతుంది చెప్పండి?

కాఫీకి పిలిచి మెల్లగా అడిగాను. కాగితం మీద బొమ్మలు గీసి చూపించింది. వాళ్ళ భాషలో బట్టలకి ‘ఇప్తా’, చెప్పులకీ మేజోళ్ళకీ ‘సిన్తా’, ఉంగరానికి ‘క్కిదా’, వాచీకి ‘ఛాదా’. టోపీకి ‘స్సుదా’. కళ్ళజోడుకీ, గొడుగుకీ కూడా అదే! టోపీకి ‘వేర్’ అన్నప్పుడు గొడుగుకి ఎందుకనకూడదు? ఆమె లెక్క సబబే కదా!

పైగా ‘వేర్’ బట్టలతో ఆగదు. చెప్పు అరిగినా ‘వేర్’, మనం అలసి సొలసినా ‘వోర్న్ అవుట్’. ఇంకో మెలిక కూడా ఉంది. ‘అయామ్ వేరింగ్ ఎ శారీ’ అంటే చీర ఇప్పటికే ఒంటిమీద ఉందని అర్థం. ఇంకా కుచ్చిళ్ళు పెట్టుకుంటూ ఉంటే ‘పుటింగ్ ఆన్’ అనాలి. వాళ్ళ ‘ఇప్తా’ రెండింటికీ చెల్లుతుంది కాబట్టి అక్కడ వాళ్ళు తడబడతారు. మన పిల్లలూ తక్కువేం కాదు.

అందుకే పిల్లలకి ‘వేర్ అంటే ధరించుట’ అని ఒంటి ముక్క బట్టీ పట్టించకండి. వేర్ ఎ శారీ, వేర్ గ్లాసెస్, క్యారీ యాన్ అంబ్రెల్లా అంటూ జోడుమాటతో కలిపి నేర్పండి. వంటింట్లో పని చేసుకుంటూనే రోజుకి రెండు చెప్పొచ్చు.

నవ్విన పిల్లల్ని కూర్చోబెట్టి, “చీరకీ బొట్టుకీ ఒకే మాట వాడి తెలుగు చెప్పండర్రా” అన్నాను. “చీర పెట్టుకుంది, బొట్టు పెట్టుకుంది” అనుకుని వాళ్ళే పడీ పడీ నవ్వారు. సంగతి అర్థమైంది. ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర కొరియా మాటలు నేర్చుకుంటున్నారు. నన్నేమో ఆమె ‘ఒన్నీ’ అంటోంది. అంటే అక్కయ్య అని.

పరాయి భాషలో ఎవరైనా తడబడితే వాళ్ళ సొంత భాషలో ఆ మాట ఎలా ఉంటుందో ఒక్కసారి అడిగి చూడండి. నవ్వడం కన్నా అదే బావుంటుంది, ఏమంటారు?