రెండు వేళ్ళ లెక్క

సువనీర్‌కు ఏదైనా రాయమని యూనియన్ సెక్రటరీ అడిగితే "దేని గురించి?" అన్నాను. "దేని గురించైనా ఫరవాలేదు, పేజీలు నిండాలి" అన్నాడు. కవిత్వం నాకు రాదు. రాజకీయాలు రాస్తే అచ్చు వేయరు. కనుక ముఖానికి రాసుకునే క్రీము గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వుకోండి.

కిందటి డిసెంబరులో మా బోటనీ క్లాసు అరకు వెళ్ళింది. పొద్దున్నే విశాఖపట్నంలో కిరండోల్ పాసింజరు ఎక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా మగపిల్లలు కేకలు వేస్తుంటే, మా మాస్టారు కళ్ళు మూసుకుని సొరంగాలు లెక్కపెడుతున్నారు. శిమిలిగుడ వచ్చేసరికి స్వెట్టర్లు బయటికొచ్చాయి. అరకులో దిగితే కొండల మీద మంచు, చేలనిండా వలిసెపూలు. ఎటు చూసినా పసుపే.

రైల్లో నా పక్కన కూర్చున్నది నా రూమ్మేటు. పేరు రాయను. మిగతాది ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఆమెది ఆ కొండల్లోనే ఒక గూడెం. తల్లీ తండ్రీ తమ్ముడూ అందరూ చామనఛాయ. ఈమె మాత్రం తెల్లటి ఒంటితో, మొక్కజొన్న పీచులాంటి జుట్టుతో పుట్టింది. దీన్ని అల్బినిజం అంటారు. చర్మానికి, జుట్టుకి, కళ్ళకి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఒంట్లో సరిగ్గా తయారుకాదు. తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చేదే తప్ప అంటువ్యాధీ కాదు, ఎవరి శాపమూ కాదు. చూపు కూడా మందం. అందుకే క్లాసులో ఎప్పుడూ మొదటి బెంచీ. హాస్టల్లో చేరిన రోజున మెస్సులో ఎవరో "దొరసాని వచ్చిందర్రా" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఒప్పుకుంటున్నాను.

మొక్కలు సేకరించడానికి కొండెక్కే ముందు ఆమె ట్యూబు తీసి ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకుంది. ఎంతనుకున్నారు? శనగగింజంత! "నాకూ కొంచెం పెట్టవే" అని పెసరగింజంత నేనూ పుచ్చుకున్నాను. "ఈ చలిలో ఎండేమిటే?" అని వెక్కిరించాను కూడా.

సాయంత్రానికి నా ముక్కు మండింది. నాదేముంది, రెండు రోజులు పొరలు రాలి ఊరుకుంది. ఆమెకు మెడా చెవులూ ఎర్రగా కంది బొబ్బలెక్కాయి. కూతుర్ని చూడడానికి రాజ్మా గింజల మూటతో వచ్చిన తండ్రి, మూట కింద పెట్టడం మరిచిపోయి "మళ్ళీ కాలిపోనాదేటి, అమ్మా?" అన్నాడు. 'మళ్ళీ' అన్న ఆ ఒక్క మాట నాకు ఆ రాత్రి నిద్రపట్టనివ్వలేదు.

విశాఖపట్నం తిరిగొచ్చాక చర్మవ్యాధుల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. నేను ముందే అందుకుని, "నాసిరకం క్రీమండీ, ఎస్.పి.ఎఫ్. 50 అని రాశాడు గాని పనిచెయ్యలేదు" అన్నాను. ఆయన ట్యూబు తిప్పి చూసి, "క్రీము మంచిదే. ఎంత రాశారు?" అన్నారు. చెప్పాం. "అది బొట్టు పెట్టుకోవడం అవుతుందమ్మా, క్రీము రాసుకోవడం కాదు" అన్నారు.

తరువాత ఆయన చెప్పింది ఇది. ట్యూబు మీది అంకెను నిర్ణయించేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షిస్తారు. మనమేమో మామూలుగా అందులో సగమో, పాతికవంతో రాస్తాం. సగం రాస్తే సగం రక్షణ కూడా దక్కకపోవచ్చు. గుర్తుకి తేలిక కొలత: చూపుడువేలు, మధ్యవేలు మొదటినుంచి చివరిదాకా రెండు గీతలుగా క్రీము పిండితే, అది ముఖానికీ చెవులకీ మెడకీ కలిపి సరిపోతుంది. ఎండలోకి వెళ్ళడానికి పావుగంట ముందు రాయాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకుంటే అప్పుడే, మళ్ళీ రాయాలి. ఇక చలి సంగతి. చర్మాన్ని కాల్చేవి అతినీలలోహిత కిరణాలు. అవి వేడిగా తగలవు గనక ఒంటికి తెలియవు. మబ్బుపట్టినా చాలామటుకు వస్తూనే ఉంటాయి. పైగా ప్రతి 1000 మీటర్ల ఎత్తుకీ వాటి తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది.

"నీకిది అందం సంగతి కాదమ్మా. ఏళ్ళ తరబడి ఇలా కాలితే చర్మానికి క్యాన్సరు వచ్చే ప్రమాదం నీలాంటివాళ్ళకి చాలా ఎక్కువ. మరెందుకింత పొదుపు?" అన్నారాయన.

నా రూమ్మేటు నేలచూపులు చూస్తూ, "ట్యూబు మూడు నెలలు రావాలండి" అంది.

డాక్టరు గారి కలం ఆగిపోయింది.

హాస్టలుకి వచ్చి లెక్క కట్టాను. రెండు వేళ్ళ కొలత సుమారు 3 గ్రాములు. 50 గ్రాముల ట్యూబు పదహారుసార్లు వస్తుంది. ఎండలో తిరిగేరోజు మూడుసార్లు రాస్తే ఐదు రోజుల్లో అయిపోతుంది. దాన్ని ఆమె తొంభై రోజులు లాగుతోంది. తెలియక కాదు, కుదరక. అందులోంచి నేనొక పెసరగింజ తిన్నాను!

క్రీమొక్కటే దిక్కు అనడం లేదు. ముందు గుడ్డ, తరువాతే క్రీము. పొడుగు చేతుల జాకెట్టు, వెడల్పు అంచు టోపీ, గొడుగు, మిట్టమధ్యాహ్నం నీడపట్టు. ఇవి ఒకసారి కొంటే చాలాకాలం వస్తాయి. గుడ్డ కప్పలేనిచోట క్రీము, అదీ కొలత ప్రకారం. మనబోటి చామనఛాయ వాళ్ళకి మెలనిన్ కొంత కాపుకాస్తుంది గనక ముక్కు మంటతో బయటపడతాం. ఆమెకి ఆ కాపు లేదు. టాంజానియాలో మోషీ అనే ఊళ్ళో, అల్బినిజం ఉన్నవారికోసమే కిలిసన్ అనే క్రీము తయారుచేసి పంచారని చదివాను. అక్కడ చేయగలిగింది ఇక్కడ మనకెందుకు చేతకాదు? యూనియన్ డే నాడు ముఖ్య అతిథులకు వేసే దండల ఖర్చు నాకు తెలుసు. ఒక్క ఏడాది దండలు మానేసి, ఆ డబ్బుతో కాలేజీ డిస్పెన్సరీలో నాలుగు ట్యూబులు పెడితే అతిథులేమీ నొచ్చుకోరు. సెక్రటరీ గారూ, పేజీలు నిండాయి గనక ఇది కూడా అచ్చు వెయ్యండి.

ప్రస్తుతానికి మా గదిలో సబ్బులతోపాటు ట్యూబు కూడా ఉమ్మడి ఖర్చే. మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. "మరి నీ రాజ్మా నేను తినడం లేదా?" అన్నాక ఒప్పుకుంది. రోజూ పొద్దున్నే రెండు వేళ్ళనిండా పిండుకుంటుంది. అద్దంలో ఆమెకి సరిగ్గా కనబడదు గనక ఎదురుగా నేను నిలబడతాను.

"చెవులు మరిచిపోయావే" అంటాను.

"నువ్వున్నావుగా" అంటుంది.