అర మిల్లీమీటరు

మా రాయవరంలో కాలవలే గానీ సముద్రం లేదు. మావయ్య ఫైబర్ పడవ ఉండేది అంతర్వేదిలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పడవ ఒడ్డునే, ఎండలోనే. ఆ ఎండకి పైపొర, అదే జెల్‌కోటు, మాసిపోయి చేతికి సుద్దలా అంటుతుంది.

మంచినీళ్ళతో ఉప్పు కడిగాం. 800, తర్వాత 1200 నంబరు వాటర్ పేపరు, రబ్బింగ్ కాంపౌండు, చివర మైనం. ముందు భాగం (మావయ్య అణియం అంటాడు) అద్దంలా తేలింది. సరదా పుట్టి పక్కలు కూడా రుద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే అల్లుడూ, ఆ పొర మొత్తం అర మిల్లీమీటరు. పోయినేడూ అక్కడే రుద్దాం. ఇప్పుడు నువ్వు తీసేది మురిక్కాదురా, పడవని."

పొర అరిగితే నీళ్ళు గాజునారలోకి దిగుతాయి. ఇల్లు గడిచేది ఆ పడవ మీదే. పక్కలకి మైనం ఒక్కటే పూశాం. జూన్ 15 తెల్లారగట్ల పడవ అలా మాసిన పక్కలతోనే వేటకెళ్ళింది.